కొత్తగా చేరిన పిల్లలకు మొదటి నెల: పక్కనుండి పని నేర్పే పద్ధతి

ఉద్యోగంలో చేరిన తొలి నెలలో దెబ్బలు తగిలే ప్రమాదం, ఏడాది దాటిన పనివాళ్ళతో పోలిస్తే దాదాపు మూడింతలు. వయసు తక్కువైతే దానికి ఇంకో చిక్కు తోడవుతుంది: అడిగితే ఏమనుకుంటారో అన్న బెరుకు. తెలియదని చెప్పలేక, చూసినంతలో చేసేస్తారు. అందుకే వర్క్‌షాపులో మెంటర్‌గా ఉండే మనిషికి పని చూపించడంతో బాధ్యత తీరదు. "నాకు రాదు" అనే మాట ఆ పిల్లల నోటినుంచి ధైర్యంగా వచ్చేలా చేయడమే అసలు పని.

మెంటర్ ఎంపిక దగ్గరే చాలాచోట్ల తప్పు జరుగుతుంది. చేయి తిరిగిన పనివాడైతే చాలనుకుంటారు. మిషన్‌కు రక్షణగా ఉండే మూత, అంటే గార్డు, పక్కన పెట్టి వేగంగా లాగించే సీనియర్ దగ్గర వదిలితే, కుర్రాడు నేర్చుకునేది గార్డు తీయడమే. ఒక్క మెంటర్‌కి ఒక్క కొత్తవాణ్ణే అప్పగించండి, మరీ తప్పకపోతే ఇద్దరిని. మెంటర్‌దీ, కొత్తవాళ్ళదీ ఒకే షిఫ్టు కావాలి. ఆ నెలపాటు మెంటర్ టార్గెట్ తగ్గించండి. తగ్గించకపోతే నేర్పడమన్నది కాగితం మీదే ఉంటుంది. మెంటర్ సెలవు పెడితే ఆ రోజు ఎవరి దగ్గరికి వెళ్ళాలో ముందే పేరుతో చెప్పాలి.

మొదటి రోజు మిషన్ ముట్టుకోకముందే షాపంతా తిప్పండి. బయటికి వెళ్ళే దారులు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మంటలార్పే సిలిండర్ చూపించండి. ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌ను మాత్రం చూపించి ఊరుకోకండి. మిషన్ ఖాళీగా తిరుగుతుండగా అతని చేతే నొక్కించండి. నొక్కాక కూడా కొన్ని మిషన్లు కాసేపు తిరుగుతూనే ఉంటాయి. ఆ కాసేపట్లో చేయి పెట్టకూడదని కళ్ళారా చూస్తేనే గుర్తుంటుంది.

పని నేర్పడానికి ఇప్పటికీ మంచి దారి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లో వాడిన నాలుగు మెట్ల పద్ధతి. ముందు బెరుకు పోగొట్టి, అతనికి ఇప్పటికే ఏం తెలుసో కనుక్కోవాలి. తర్వాత ఒక్కో మెట్టూ చేసి చూపిస్తూ, ఎందుకలా చేయాలో చెప్పాలి. మూడోది, అతనే చేస్తూ కారణాలు తిరిగి చెప్పాలి. చివరిగా పని అప్పగించి, తరచూ వెళ్ళి చూస్తూ, క్రమంగా దూరం పెంచాలి.

ఆ "ఎందుకు" ఎలా ఉండాలో డ్రిల్లింగ్ మిషన్ దగ్గర చూద్దాం. రేకును చేత్తో పట్టుకుని రంధ్రం వేయబోతే ఆపండి. రంధ్రం చేసే బిట్ అడుగువైపు బయటికి వచ్చే క్షణంలో దాని అంచు రేకులో కొరుక్కుంటుంది, రేకు బిట్‌తోపాటు గిర్రున తిరిగి వేళ్ళను కోసేస్తుంది. అందుకే రేకును వైస్‌లో, అంటే బల్లమీది బిగింపు పట్టులో బిగించాలి. తిరిగే బిట్ దగ్గర గ్లౌజులు వద్దు. గుడ్డ చిక్కితే చేతిని కూడా లాగేస్తుంది. ఇది కొత్తవాళ్ళకు వింతగా ఉంటుంది, ఎందుకంటే మిగతా అన్నిచోట్లా గ్లౌజులు వేసుకోమనే చెప్పి ఉంటాం. పొడుగు చేతుల చొక్కా, ఉంగరం, వదిలేసిన జుట్టు, చున్నీ విషయంలోనూ అదే ప్రమాదం. బిట్‌ను పట్టి ఉంచే భాగం చక్, దాన్ని బిగించే తాళం చక్ కీ. ఆ కీని చక్‌లో వదిలి స్విచ్ వేస్తే అది రాయిలా ఎగిరి తగులుతుంది, కాబట్టి బిగించాక కీ బయటికి వచ్చేదాకా చేతినుంచి వదలకూడదు. రంధ్రం వేస్తుంటే వచ్చే చుట్టలు తిరిగిన ఇనుప పొట్టును మిషన్ ఆపాక బ్రష్‌తోనే తీయాలి.

చెప్పడం అయ్యాక "అర్థమైందా?" అని మాత్రం అడగకండి. జవాబు ఎప్పుడూ "అయింది" అనే వస్తుంది. "వైస్ ఎందుకు బిగించావు?", "బిట్ ఇరుక్కుంటే ముందు ఏం చేస్తావు?" అని అడగండి. రెండోదానికి "స్విచ్ ఆపుతాను" అని వెంటనే రాకపోతే ఒంటరిగా వదలడానికి ఇంకా వేళ కాలేదు. చిన్న నోటుబుక్కులో తేదీ, పని పేరు, ఎన్నిసార్లు తప్పు లేకుండా చేశాడో రాసుకోండి. మూడుసార్లు వరుసగా సరిగ్గా వచ్చాకే పక్కనుంచి కదలండి, అయినా కనుచూపు దాటి పోవద్దు. మిషన్ మారినా, రాత్రి షిఫ్టు పడినా, ఎక్కువ రోజులు సెలవు పెట్టి వచ్చినా మళ్ళీ పక్కన నిలబడాల్సిందే.

ఇంకో సీనియర్ వచ్చి "ఆ ఇరుక్కున్న ముక్క తీసెయ్‌రా" అంటే పిల్లలు కాదనలేరు. చాలా ప్రమాదాలకు ఇదే దారి. ఏమనాలో మాటలు మీరే అందించండి: "అన్నా, ఇది నాకు ఇంకా చూపించలేదు, మా సీనియర్ వచ్చాక చేస్తాను." రెండు మూడుసార్లు గట్టిగా అనిపించండి. అలా అన్నందుకు ఎవరూ తిట్టకుండా చూసే పూచీ సూపర్‌వైజర్‌ది. ఇరుక్కున్న మిషన్ విప్పడం, ట్యాంకుల్లోకి దిగడం, కరెంటు ప్యానెల్ తెరవడం లాంటివి తొలి నెలలో అసలే అప్పగించకండి. 18 ఏళ్ళు నిండనివాళ్ళను ప్రమాదకరమైన పనికి పెట్టకూడదు.

కొద్దిలో తప్పిన ప్రమాదం గురించి వచ్చి చెప్పినప్పుడు మీ మొదటి మాట "దెబ్బ తగిలిందా?" అని ఉండాలి. "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్?" అన్నారంటే రెండోసారి చెప్పరు. విన్నాక ఇద్దరూ కలిసి ఆ చోటికే వెళ్ళి, ఏ మెట్టు దగ్గర తప్పిందో చూడండి.

నెలాఖరున ఆ పనిని మీకే నేర్పమనండి, మీరు ఏమీ తెలియనట్టు మౌనంగా వినండి. మెట్టు చెప్పి కారణం మరిచిన చోట నోటుబుక్కులో గుర్తు పెట్టుకుని, మర్నాడు అక్కడినుంచే మళ్ళీ చూపించండి.