దొరకని బగ్‌ని టీమ్‌గా పట్టుకోవడం ఎలా? రొయ్యల గుంట దగ్గర నేర్చుకున్న వరస

మా యాప్ చిన్నది. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో పెట్టిన సెన్సార్లు పది నిమిషాలకోసారి డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, ఎంతుందో పంపుతాయి. రైతు ఫోన్‌లో చూసుకుంటాడు. పనిచేసేది నలుగురం: నేను నెల్లూరులో, టెస్టింగ్ చూసే అమ్మాయి ఒంగోలులో, ఇద్దరు కుర్రాళ్లు బెంగళూరులో. ఒక రైతు ఫోన్ చేసి "రాత్రి రీడింగులు పోతున్నాయి" అన్నాడు. అది పట్టుకోవడానికి ఐదు రోజులు పట్టింది. వరస తెలిసుంటే ఒక పూట పని.

ముందు కోడ్ తెరవకండి. చెప్పిన మనిషి ఏమన్నాడో ఆ మాటల్లోనే రాసుకోండి. ఏ స్క్రీన్, ఎన్నింటికి, ఎన్ని రోజులుగా అని అడగండి. మేం అడగలేదు. ఒకరు సముద్రం పక్కన సిగ్నల్ ఉండదన్నారు, ఇంకొకరు బ్యాటరీ అన్నారు, నేను సెన్సార్‌కి పాచి పట్టిందన్నాను. మూడు రోజులు ఎవరి కారణం వాళ్లు నిరూపించుకోవడానికే సరిపోయింది.

వీలుంటే మనిషి దగ్గరికి వెళ్లండి. ఇది మాత్రం గట్టిగా చెప్తాను. నాలుగో రోజు మైపాడు రోడ్డున బండి మీద వెళ్లి గుంట కట్ట మీద కూర్చున్నాను. ఆయన చేత్తో రాసుకునే నోటు పుస్తకం తీశాడు. "అబ్బయ్యా, పగటి లెక్క నాకెందుకు? తెల్లారుజామున నాలుగింటికి ఎంతుందో కావాలి" అన్నాడు. రాత్రి వెలుతురు లేక నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేయదు, పైగా వాడుకుంటుంది. అందుకే పొద్దు పొడిచే ముందు డీఓ బాగా పడిపోతుంది. ఆ వేళ నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగకపోతే పంట పోతుంది. మేం గ్రాఫ్‌లో ఒక ఖాళీ అనుకున్నది ఆయనకు రాత్రుళ్లు నిద్రపట్టనివ్వని టెన్షన్.

కట్ట మీద నుంచే ఒంగోలుకి వీడియో కాల్ చేసి నోటు పుస్తకం చూపించాను. సర్వర్ కోడ్ ఎప్పుడూ చూడని ఆ అమ్మాయి అడిగింది: "అసలు పోయాయా, వేరే చోట ఉన్నాయా?" నిన్నటి పేజీ తెరిచాం. అన్నీ అక్కడే ఉన్నాయి! ఐదూ ఇరవై రీడింగు నిన్నటి తేదీలో, ఐదున్నర రీడింగు ఇవాళ్టి తేదీలో. మన టైమ్ యూటీసీ, అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయం, కంటే ఐదున్నర గంటలు ముందు. సర్వర్ యూటీసీ ప్రకారం రోజు మారుస్తోంది, అంటే మనకు తెల్లారి ఐదున్నరకి. అర్ధరాత్రి నుంచి అప్పటిదాకా వచ్చినవన్నీ నిన్నటి పేజీలోకి పోతున్నాయి. అందుకే, తప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో ఆ రెండు హద్దులూ కాగితం మీద రాయండి. చాలాసార్లు ఆ అంకెల్లోనే కారణం ఉంటుంది.

తర్వాత అది ఏ మార్పుతో వచ్చిందో చూడాలి. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్‌లో బైసెక్ట్ అనే కమాండ్ ఉంది. అలా దాచిన ఒక్కో మార్పునూ కమిట్ అంటారు. బాగా పనిచేసిన పాత కమిట్ ఒకటి, చెడిన కమిట్ ఒకటి చెప్తే మధ్యది తీసిస్తుంది. బాగుందో లేదో మీరు చెప్తూ పోతే సగం సగం తగ్గుతుంది. రెండొందల కమిట్లయినా ఎనిమిది పరీక్షల్లో తేలుతుంది.

కమిట్ దొరికితే దాని మీద ఒక పేరుంటుంది. గ్రూపులో ఆ పేరు పెట్టకండి. మా దాంట్లో ఉన్నది కొత్తగా చేరిన కుర్రాడి పేరు, రివ్యూ చేసి సరే అన్నది నేను. ఆ మాటే ముందు రాశాను. పది నిమిషాల్లో అతనే దిద్దుబాటు పంపాడు.

దిద్దేటప్పుడు ఐదున్నర గంటలు చేత్తో కలపొద్దు. ఇంకోచోట ఇంకొకరు మళ్లీ కలుపుతారు. టైమ్‌ని యూటీసీలోనే దాచి, రోజు లెక్కకు మాత్రం ఏషియా/కోల్‌కతా జోన్, అంటే మన దేశం టైమ్, వాడండి. అర్ధరాత్రి దాటి పది నిమిషాలకు, ఐదూ ఇరవైకి, ఐదూ నలభైకి టెస్టులు రాయండి. మేం ఇంకొకటి కూడా రాశాం. దాని పేరు "తెల్లారుజాము నాలుగింటి డీఓ". ఆ పేరు పెట్టింది ఒంగోలు అమ్మాయి.