అమెజాన్ చిలుక ఉన్నట్టుండి కరుస్తోందా? ముందు మంచం కింద చూడండి

అమెజాన్ చిలుకల్ని పెంచుతూ నాకు ఫోన్ చేసేవాళ్ల మొదటి మాట దాదాపు ఒకేలా ఉంటుంది. "అన్నా, నిన్నటిదాకా భుజం దిగేది కాదు. ఇవాళ రక్తం కళ్లజూసింది." నేను అడిగేదీ ఒక్కటే: "కరిచే ముందు దాని కళ్లు ఎలా ఉన్నాయి, తోక ఎలా ఉంది?" అవతల కాసేపు చప్పుడుండదు. "చూడలేదన్నా."

అది చూడకుండా మిగతావన్నీ మారుస్తారు. పంజరం మారుస్తారు, తిండి మారుస్తారు, దిష్టి తీసినవాళ్లు కూడా ఉన్నారు. ఆఖరికి పక్షిని అమ్మకానికి పెడతారు.

పంజరం సైజు, నీళ్లు, 'స్టెప్ అప్' అంటే చేతి మీదికి రావడం లాంటివి మీకు వచ్చనుకునే రాస్తున్నాను. మా ఇంట్లో ఉన్నది బ్లూ ఫ్రంటెడ్ అమెజాన్, పేరు చంటి. ఎల్లో నేప్డ్, డబుల్ ఎల్లో హెడెడ్ అనే వేరే రకాల అమెజాన్లు ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే వాటికి కారం ఇంకాస్త ఎక్కువ. ఆఫ్రికన్ గ్రే అనే బూడిద రంగు చిలుక గురించి విన్నది మాత్రం దీనికి అతికించకండి. గ్రే ఎక్కువగా భయపడి కరుస్తుంది. అమెజాన్ సంబరం తలకెక్కి కరుస్తుంది. ఇక మన రామచిలుకను ఇంట్లో పెట్టుకుని "ఇదీ అమెజానే" అని ఫోటో పంపేవాళ్లకో మాట: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పెంచకూడదు. అమెజాన్‌ను పెంచుకోవచ్చు గానీ 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఆ పని పెండింగులో ఉంటే ముందు అది కానివ్వండి.

చేయి పెట్టగానే కరుస్తోంది

కారణం: అది ఊగిపోతున్నప్పుడు మీరు చేయి పెట్టారు.

కంటిపాప ఆవగింజంత అవుతుంది, వెంటనే పెద్దదవుతుంది, మళ్లీ చిన్నదవుతుంది. చుట్టూ ఉన్న నారింజ రంగు వలయం దగ్గరపడుతూ, దూరమవుతూ కనిపిస్తుంది. గదిలో వెలుతురు మారలేదు, అయినా పాప ఆడుతోందంటే అది దాని లోపలి హుషారు. పక్షి కంటిపాపను కదిపే కండరాలు మన చేతి కండరాల జాతివి, దాని ఇష్టానికి పనిచేస్తాయి. అదే సమయంలో తోక విసనకర్రలా విచ్చుకుంటుంది, మెడ వెనక ఈకలు లేస్తాయి, రెక్కలు ఒంటికి కాస్త ఎడంగా వస్తాయి, పెళ్లికి వచ్చిన మేనమామలా నడుస్తుంది. ఈ నాలుగిట్లో రెండు కనిపించినా చేయి వెనక్కి తీసుకోండి.

చాలామంది దీన్ని కోపం అనుకుని, "కోపమొచ్చే పనేమీ చేయలేదే" అని బాధపడతారు. కోపం కాదండీ. మా చంటి కుక్కర్ విజిల్ వేస్తే తనూ వేస్తాడు, మూడో విజిల్‌కి కళ్లు ఆడుతుంటాయి. వాడు ఎంతో ఆనందంగా ఉండే ఆ ఘడియలోనే నా బొటనవేలికి రెండు కుట్లు పడ్డాయి.

పరిష్కారం: పది నిమిషాలు వదిలేయండి. తప్పనిసరిగా కదపాలంటే కర్ర మీదికి ఎక్కించుకోండి. కరిస్తే కేకలు పెట్టొద్దు, మీ కేక దానికి జాతర. ముక్కు మీద కొట్టడం, మొహం మీద ఊదడం కూడా వద్దు. కొడితే అది హెచ్చరించడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది.

ఇంట్లో ఒక్కరి దగ్గరికే పోతోంది, మిగతావాళ్ల మీద పడుతోంది

అడవిలో ఇవి జంటగా బతుకుతాయి. ఇంట్లో ఆ జంట మీరయ్యారు, మీ ఆవిడ సవతి అయింది. దానికి ప్రాణమైన తిండి ఏదో చూడండి, మావాడికైతే వాల్‌నట్ ముక్క. అది ఇకనుంచి రెండోవాళ్ల చేతి నుంచే దొరకాలి, ఆ సమయానికి మీరు గదిలో ఉండకూడదు. భుజం మీద కూర్చోబెట్టుకోవడం ఆపేయండి. అక్కడ కూర్చుంటే దాని కళ్లు మీకు కనిపించవు, మీ చెవి మాత్రం దానికి బాగా కనిపిస్తుంది.

పొద్దున, సాయంత్రం గోల

ఇది జబ్బు కాదు. తెల్లారగానే, పొద్దుగూకేటప్పుడు గుంపు గుంపంతా అరవడం వీటి నైజం. పావుగంట ఓర్చుకోండి, కావాలంటే మీరూ పాడండి. రోజంతా అరుస్తుంటే మాత్రం, అరిచిన ప్రతిసారీ "ఏంట్రా" అంటూ వెళ్తున్నది మీరే. మెల్లగా ఈల వేసినప్పుడే పలకండి.

అన్నీ సరిగానే ఉన్నాయి, అయినా కరుస్తోంది

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే, కాబట్టి ఇది తీరిగ్గా చెబుతాను.

చంటికి ఆరో ఏడు నడుస్తోంది. శివరాత్రి వెళ్లింది, ఎండలు ముదురుతున్నాయి. పిల్లప్పుడు పత్తిలా ఉన్న పక్షి ఆ నెలలో పూర్తిగా మారిపోయాడు. నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య వీటికి ఈడు వస్తుందని నాకు తెలుసు. అందుకే చేయాల్సినవన్నీ వరసగా చేశాను.

ముందు వెలుతురు. మా హైదరాబాద్‌లో జూన్ నెలలో కూడా పగలు పదమూడు గంటలకు కాస్త అటూఇటూ. కానీ మా హాల్లో పొద్దున ఆరు నుంచి రాత్రి సీరియళ్లు అయ్యేదాకా, అంటే పదకొండు దాకా, ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. పదిహేడు గంటల పగలు. పగలు సాగిందంటే పిల్లల్ని కనే కాలం వచ్చిందని పక్షి ఒళ్లు లెక్కేసుకుంటుంది. పడుకునే పంజరాన్ని వెనక గదిలోకి మార్చి, ఏడింటికల్లా చీకటి చేశాను. తర్వాత, వీపు నిమరడం మానేశాం. తల, మెడ వరకు పరవాలేదు. వీపు మీద, రెక్కల కింద, తోక దగ్గర నిమిరితే అది జత పక్షి చేసే పని. వేడి ఉప్మా, మెత్తటి అన్నం ముద్దలు కూడా బంద్.

సగం తగ్గింది. మిగతా సగం తగ్గలేదు. సాయంత్రం బయటికి వదిలితే చాలు, మా అమ్మ కాలి వేళ్ల మీదికే పోయేవాడు. ఆవిడ దివాన్ మీద కూర్చుని చిక్కుళ్లు వలుచుకుంటుంటే, కింద నుంచి గబగబా నడిచొచ్చి పట్టేసేవాడు. మెట్టెల మెరుపు చూసి వస్తున్నాడని నేను తేల్చాను. "చిలుక కోసం మెట్టెలు తీయమంటావురా?" అని అమ్మ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. చివరికి సాక్సులు వేసుకుంది. సాక్సులనూ కొరికాడు.

ఒకరోజు అమ్మ బీపీ మాత్ర దొర్లి దివాన్ కిందికి పోయింది. నేల దాకా వేలాడే దుప్పటి ఎత్తి, ఫోన్ టార్చి వేశాను. గోడ మూలన పేపరు ముక్కలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. దివాన్ కోడు లోపలివైపు చెక్కినట్టు కొరికి ఉంది, కింద పొట్టు. ఓ పచ్చ ఈక. నేను ఇంకా చూస్తుండగానే తోక విప్పుకుని, మెడ ఈకలు నిక్కబొడుచుకుని నా చెంప వైపు వచ్చాడు మావాడు.

అమ్మ మీద పగా లేదు, మెట్టెల మీద మోజూ లేదు. ఆవిడ కాళ్లు వాడి ఇంటి గుమ్మం ముందున్నాయి, అంతే.

అమెజాన్లు చెట్టు తొర్రలో గుడ్లు పెడతాయి. తొర్రను అవి సొంతంగా తొలుచుకోలేవు, ఉన్నదాన్ని వెతుక్కోవాలి, దొరికాక దాన్ని పోట్లాడి కాపాడుకోవాలి. మన ఇంట్లో చీకటిగా, మూడు వైపులా మూసినట్టుండే చోటు ఏది దొరికినా వాటికి అది తొర్రే. సోఫా వెనక సందు, బీరువా కింది అర, బట్టల బుట్ట, ఖాళీ అట్టపెట్టె. "ముద్దుగా బుట్టలో దాక్కుంటోంది" అని వీడియో తీసి పంపుతారు కదా, ఆ వీడియో చూసిన నెలకు నాకు కాటు ఫోటో వస్తుంది.

ఇది దాక్కుని ఉండే దొంగ కారణం. ఎందుకంటే, పంజరంలో ఉన్నప్పుడు పక్షి మామూలుగానే ఉంటుంది. వేరే గదిలో ప్రేమగా కూడా ఉంటుంది. అందుకని మనం మనుషుల మీద అనుమానపడతాం. ఎవరిని కరిచిందో కాదు, ఎక్కడ కరిచిందో చూడాలి. మూడు రోజులు క్యాలెండర్ వెనక రాసిపెట్టండి: టైము, చోటు. అన్నీ ఒకే మూల చుట్టూ తిరుగుతుంటే నేల మీద కూర్చుని, తల వంచి, దాని ఎత్తు నుంచి ఆ మూలను చూడండి. నిలబడి చూస్తే కనబడదు. నాకు రెండు నెలలు కనబడలేదు.

పరిష్కారం: ఆ చోటు మూసేయండి. మేం దుప్పటి పైకి మడిచి, దివాన్ కింద ట్రంకు పెట్టెలు వరసగా తోసేశాం. పక్షి లోపల లేనప్పుడే మూయాలి, దాన్ని చేత్తో బయటికి లాగబోతే కాటు ఖాయం. మొదటి వారం ఇంకా రెచ్చిపోతుంది. చంటి పెట్టెల ముందు అటూ ఇటూ తిరిగి, మూలలన్నీ వెతికి, రాత్రి దాకా సణిగాడు. జాలిపడి వేరే గూడు ఇవ్వకండి. షాపుల్లో వేలాడదీసే మెత్తటి గుడ్డ గుడారాలు అమ్ముతారు, అవీ తొర్రలే, పైగా కొరికిన దారాలు కడుపులోకి పోతాయి. కొరకడానికి పని మాత్రం కల్పించండి: జామకొమ్మ, వేపకొమ్మ, కొబ్బరిపీచు. మూడో వారానికి వాడు అమ్మ పక్కనే నిలబడి, కళ్లు ఆడించకుండా, చిక్కుడు గింజ కోసం మెడ చాపాడు.

మీ చేతి మీద తిన్నది కక్కి పెట్టడం కూడా ఈ బాపతే. అది ప్రేమే, కానీ సంసారం తరహా ప్రేమ. తిట్టకుండా నెమ్మదిగా దించి, పంజరం దగ్గర వదిలి మీ పని చూసుకోండి.

ఆడో మగో పైకి చూసి చెప్పలేం, ఈకతో డీఎన్‌ఏ పరీక్ష చేయించాలి. ఆడదై గుడ్డు పెడితే వెంటనే తీసేయకండి, ఇంకోటి పెడుతుంది. కడుపుబ్బి, కింద కూర్చుని ముక్కుతుంటే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు, ఆ గంటలోనే పక్షుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

మిగతావి

ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంటే, అరుపు మానేస్తే, రెట్ట మారితే ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి. వంటింటి త్రాసు మీద వారానికోసారి బరువు చూస్తుంటే, పదో వంతు తగ్గినా పట్టేయొచ్చు. ఉత్త సన్‌ఫ్లవర్ గింజల మీద బతికే పక్షి చిరాకుగా ఉంటే ఆశ్చర్యమేముంది? విటమిన్ ఏ లోటు, కాలేయంలో కొవ్వు రెండూ అక్కడి నుంచే. పెల్లెట్లు (చిలుకల కోసమే చేసిన గుళికల తిండి), మునగాకు, క్యారెట్, గుమ్మడి ముక్క మొదలుపెట్టండి. ఎర్ర చొక్కా చూసి కరవడం, కొత్త కళ్లద్దాలు చూసి బెదరడం లాంటివి చాలాసార్లు కొన్నాళ్లకు వాటంతటవే పోతాయి.

తగ్గి, మళ్లీ మొదలైతే

కొత్త తొర్ర దొరికిందన్నమాట. మరుసటి ఏడు సరిగ్గా అదే కాలానికి మావాడు మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నేను డాక్టర్నీ అడగలేదు, అమ్మ మెట్టెల జోలికీ పోలేదు. టార్చి పట్టుకుని నేల మీద పాకాను. వాషింగ్ మెషీన్ వెనక, పైపు పోయే సందులో దొరికింది: రెండు క్లిప్పులు, సగం నమిలిన కరెంటు బిల్లు.