బంతికి గాలి వాల్వ్ డిజైన్ చేయడం ఎలా?

గాలి నిలవడం లేదని మూలన పడేసిన ఫుట్‌బాల్ ఇంట్లో ఉంటే, గాలి కొట్టి ఒకసారి బకెట్ నీళ్లలో ముంచి చూడండి. పైతోలు బాగానే ఉంటుంది, కుట్లూ బాగానే ఉంటాయి. చాలాసార్లు బుడగలు వచ్చేది వాల్వ్ దగ్గర్నుంచే. గోటి వెడల్పు కూడా లేని ఆ రబ్బరు ముక్క బాగుంటే బంతి ఇంకో రెండు సీజన్లు ఆడేది.

సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. ఆయన మన హైదరాబాదీ. ఆటకు ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో బంతి లోపలి పని తెలిసినవాళ్లు కూడా తయారవ్వాలని నాకు గట్టిగా ఉంది. మన దేశంలో బంతుల తయారీ ఎక్కువగా జలంధర్, మీరట్‌లలో జరుగుతుంది. కానీ వాల్వ్ డిజైన్ చేయడానికి కావలసిన మెషీన్లు, రబ్బరు, పనివాళ్లు హైదరాబాద్‌లో దొరుకుతారు. ఇంజినీరింగ్ విద్యార్థులైనా, చిన్న వర్క్‌షాప్ ఉన్నవాళ్లైనా మొదలుపెట్టొచ్చు.

ముందు ఒక్క సూత్రం అర్థం చేసుకోండి, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది. ఒకప్పుడు బంతికి చీలిక పెట్టి, బ్లాడర్‌లో (బంతి లోపల గాలి నిలిపే రబ్బరు సంచిలో) గాలి నింపి, పైన లేసుతో కుట్టేవారు. 1931లో అర్జెంటీనాలోని బెల్ విల్లే అనే ఊళ్లో టొస్సొలీని, వల్బొనేసి, పోలో అనే ముగ్గురు లేసు లేకుండా వాల్వ్‌తో బంతి చేశారు. ఇప్పుడు మనం వాడే వాల్వ్‌లో స్ప్రింగ్ లేదు, మూత లేదు, స్క్రూ లేదు. మెత్తటి రబ్బరులో ఒక చీలిక ఉంటుంది, అంతే. లోపలి గాలి ఆ చీలిక పెదాలను రెండువైపులా నొక్కి మూసి ఉంచుతుంది. అంటే వాల్వ్‌ను మూసే పని గాలే చేస్తుంది. డిజైన్‌లో ఏ కొలత తీసుకున్నా, ఏ వంపు గీసినా, "ఇది గాలికి సాయం చేస్తోందా, అడ్డుపడుతోందా?" అని అడగండి.

మొదటి పని: ఏ బంతికో తేల్చుకోవడం

ఫుట్‌బాల్ నిబంధనల ప్రకారం బంతిలో 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ ప్రెషర్ ఉండాలి. వాలీబాల్‌కు చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలు చాలు. బాస్కెట్‌బాల్ మీద సాధారణంగా 7 నుంచి 9 పీఎస్ఐ అని రాసి ఉంటుంది, అంటే సుమారు అర బార్ (ఒక బార్ దాదాపు ఒక అట్మాస్ఫియరే).

ప్రెషర్ తక్కువ ఉన్న వాలీబాల్ సులువని చాలామంది అనుకుంటారు. నిజానికి అదే కష్టం. పెదాలను నొక్కే గాలి బలం తక్కువ కాబట్టి చీలిక ఏ కాస్త వంకరగా ఉన్నా లీకవుతుంది. ఫుట్‌బాల్‌లో సమస్య వేరు. 12 మి.మీ. వ్యాసం ఉన్న వాల్వ్ అడుగుభాగం మీద 1.1 అట్మాస్ఫియర్ దగ్గర దాదాపు కిలోంపావు బలం పడుతుంది. షాట్ కొట్టిన క్షణంలో అది ఇంకా పెరుగుతుంది. వాల్వ్ బయటికి తన్నుకురాకుండా చూసుకోవాలి. మొదటిసారి చేసేవాళ్లు ఫుట్‌బాల్‌తో మొదలుపెట్టడం మంచిది.

రెండో పని: పాత బంతి కోసి చూడటం

పాడైన బంతులు రెండు మూడు సంపాదించి వాల్వ్ చుట్టూ కోయండి. బ్లాడర్‌కు అతుక్కుని వెడల్పాటి అంచు, దాని మధ్యలో గొట్టంలాంటి బాడీ, బాడీలో దిగిన మెత్తటి ప్లగ్ కనిపిస్తాయి. కొన్నింటిలో ప్లగ్ విడిగా ఊడి వస్తుంది. నా మాట వింటే మీరూ విడి ప్లగ్ డిజైనే ఎంచుకోండి. అరిగేది ప్లగ్ మాత్రమే. అది మారిస్తే బంతి మళ్లీ పనికొస్తుంది.

ఇక సూది. స్పోర్ట్స్ షాపుల్లో దొరికే గాలి సూదులు రెండు మూడు రకాలు కొని కాలిపర్‌తో వ్యాసం, పొడవు కొలవండి. సూది రంధ్రం చాలావాటికి కొసకు దగ్గర్లో పక్కన ఉంటుంది. ఆ రంధ్రం మొత్తం చీలిక దాటి లోపలికి వెళ్తేనే గాలి ఎక్కుతుంది. కాబట్టి సూది మొదలు నుంచి రంధ్రం దాకా ఎంత దూరం ఉందో చూసి, వాల్వ్ మొత్తం ఎత్తు దానికన్నా కనీసం 5 మి.మీ. తక్కువ పెట్టండి. మీ వాల్వ్‌కు ప్రత్యేకమైన సూది కావాలంటే దాన్ని ఎవరూ వాడరు. గ్రౌండ్‌లో ఎవరి బ్యాగులో ఏ సూది ఉంటే దానితోనే పని జరగాలి.

మూడో పని: ప్లగ్, చీలిక

అసలు డిజైన్ అంతా ఇక్కడే ఉంది, కాబట్టి తొందరపడొద్దు.

బాడీ రంధ్రం 6 మి.మీ. అనుకుందాం. ప్లగ్‌ను 6.5 మి.మీ. దగ్గర చేయండి. రంధ్రంలో ఇరుక్కున్న ప్లగ్ చుట్టూ నొక్కుకుని ఉంటుంది, ఆ నొక్కుడు చీలికను కూడా మూస్తుంది. ప్లగ్ కింది చివర బాడీ రంధ్రం కన్నా వెడల్పైన భుజం ఇవ్వండి. గాలి బయటికి నెట్టేకొద్దీ ఆ భుజం బాడీకి ఇంకా గట్టిగా ఆనుకుంటుంది. ప్లగ్ నడుముకు ఒక చిన్న ఉబ్బు, బాడీలో దానికి సరిపడే గాడి పెడితే లోపలికీ జారదు.

ప్లగ్ పైన సూది దిగేచోట గరాటులా వాలు ఉండాలి. 3 మి.మీ. వెడల్పుతో మొదలై 1.5 మి.మీ. రంధ్రంగా సన్నబడితే సూది తనంతట తాను మధ్యకు వస్తుంది. వంకరగా దిగిన సూదే చీలికను చింపుతుంది. రంధ్రం అడుగు దాకా రాకూడదు. చివరి మూడు నాలుగు మి.మీ. రంధ్రం లేకుండా నిండు రబ్బరుగా వదిలి, అందులోనే చీలిక పెట్టాలి. ఆ భాగాన్ని రెండువైపుల నుంచీ పలచగా వాలుగా చెక్కినట్టు ఇవ్వండి. దీన్ని డక్‌బిల్ (బాతు ముక్కు) ఆకారం అంటారు. ఆ వాలు ముఖాల మీద గాలి నొక్కితే పెదాలు కలుస్తాయి. పెదవి మందం 1 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి.

చీలిక పొడవు ఎంతుండాలి? లెక్క తేలికే. సూది 2.2 మి.మీ. ఉంటే దాని చుట్టుకొలత దాదాపు 6.9 మి.మీ. చీలిక 2.5 మి.మీ. పొడవుంటే రెండు అంచులు కలిపి 5 మి.మీ. సూది దిగినప్పుడు రబ్బరు 5 నుంచి 6.9కి, అంటే 40 శాతం లోపు సాగుతుంది. మంచి రబ్బరుకు ఇది చాలా తేలిక. చీలిక 1.5 మి.మీ. మాత్రమే పెడితే రబ్బరు రెట్టింపుకు పైగా సాగాల్సి వచ్చి చివరలు చిరుగుతాయి. 4 మి.మీ. పెడితే అంచులు కలిపి 8 అవుతాయి, సూది చుట్టూ సందు మిగిలి పంపు కొడుతుండగానే గాలి బయటికి పోతుంది. మీ సూది కొలతతో ఇదే లెక్క వేసుకోండి.

చీలికను అచ్చులోనే పోయాలని చూడకండి. ఎంత సన్నటి రేకు పెట్టినా ఆ మందం మేర సందు మిగులుతుంది. రబ్బరు అచ్చులో వేడికి ఉడికి, చల్లారి ఒక రోజు గడిచాక, కావలసిన వెడల్పుకు సానబట్టిన ఉలిలాంటి బ్లేడును గ్లిజరిన్‌లో ముంచి ఒకే పోటుతో దింపాలి. కోతలో రబ్బరు కణం కూడా పోకూడదు. రెండో పోటు పడితే అంచు గరుకవుతుంది, ఆ ప్లగ్ పక్కన పెట్టేయండి.

నాలుగో పని: రబ్బరు ఎంపిక

ఇంట్లో అచ్చు పోయడానికి సిలికాన్ సులువు. కానీ గాలిని నిలపడంలో అది అన్నిటికన్నా వెనక. బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరుతో పోలిస్తే సిలికాన్‌లోంచి గాలి వందల రెట్లు వేగంగా చొచ్చుకుపోతుంది. నేచురల్ రబ్బరులోంచి కూడా బ్యూటైల్ కన్నా పదిరెట్లకు పైగా పోతుంది. నేచురల్ రబ్బరుతోనే చేసే లేటెక్స్ బ్లాడర్ ఉన్న బంతికి రెండు మూడు రోజులకోసారి గాలి కొట్టాల్సి రావడానికి కారణం ఇదే.

అలాగని అంతా బ్యూటైల్‌తో చేయడం కూడా సరికాదు. బ్యూటైల్ బద్ధకం రబ్బరు. సాగదీసి వదిలితే నెమ్మదిగా వెనక్కి వస్తుంది. సూది తీసిన మరుక్షణం చీలిక మూసుకోవాలంటే చురుగ్గా వెనక్కి వచ్చే రబ్బరు కావాలి. అందుకని బ్లాడర్‌కు అతికే బాడీని బ్యూటైల్‌తో, ప్లగ్‌ను మెత్తటి నేచురల్ రబ్బరుతో చేయమంటాను. ప్లగ్ వైశాల్యం చిన్నది, దానిలోంచి చొచ్చుకుపోయే గాలి లెక్కలోకి రాదు. గట్టిదనం షోర్ ఏ స్కేలు మీద బాడీకి 55 నుంచి 60, ప్లగ్‌కు 40 నుంచి 45 కావాలని రబ్బరు కలిపేవాళ్లకు చెప్పండి.

ఒక జాగ్రత్త మాత్రం మరచిపోవద్దు. బ్యూటైల్‌లో కొంచెం నేచురల్ రబ్బరు కలిసినా సరిగ్గా ఉడకదు. కాంపౌండ్ (రబ్బరు మిశ్రమం) కలిపే మిల్లు దగ్గర నిలబడి, "అన్నా, దీనికి ముందు రోలర్ల మీద ఏ రబ్బరు నడిచింది? శుభ్రం చేశారా?" అని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఐదో పని: అచ్చు

ముందు త్రీడీ ప్రింట్ తీసి సైజు చూసుకోండి. రాయదుర్గంలోని టీ-వర్క్స్ ప్రోటోటైప్‌లు చేసుకునేవాళ్ల కోసమే పెట్టిన చోటు. టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో తీసిన ప్రింట్‌ను పట్టుకుని సూది దూర్చి చూస్తే కొలతలు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. దానితో లీక్ పరీక్ష మాత్రం చేయొద్దు. ప్రింట్ పొరల మధ్య సందుల్లోంచి గాలి పోతుంది, తప్పంతా మీ డిజైన్‌దే అనిపిస్తుంది.

అసలు అచ్చు అల్యూమినియంతో లేదా స్టీలుతో, కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషీన్ మీద చేయించాలి. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామిక వాడల్లో డై (అచ్చు) పని చేసేవాళ్లు ఉన్నారు. బాలానగర్‌లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. డ్రాయింగ్ ఇచ్చేటప్పుడు రబ్బరు చల్లారాక రెండు శాతం అటూ ఇటూగా కుంచించుకుంటుందని గుర్తుపెట్టుకుని అచ్చు కొలతలు ఆ మేరకు పెంచండి. అచ్చు రెండు సగాలు కలిసే గీత పెదాల మీదుగా పోకూడదు. అక్కడ మిగిలే సన్నటి అంచు చీలికను ఎప్పటికీ మూసుకోనివ్వదు.

ఆరో పని: బ్లాడర్‌కు అతకడం, బరువు

బాడీ అంచును బ్లాడర్‌తో కలిపే ఉడికించాలి. రెండూ ఒకే జాతి రబ్బరు కాకపోతే ఆ అతుకు నిలవదు. అంచు వెడల్పుగా ఉండి, చివరికొచ్చేసరికి కాగితంలా పలచబడితే బ్లాడర్ సాగేటప్పుడు బలం ఒకేచోట పడదు.

వాల్వ్ బరువు ప్రతి గ్రామూ లెక్కే. బంతికి ఒకవైపే బరువుంటే గాల్లో ఊగుతుంది. అందుకే తయారీదారులు వాల్వ్‌కు సరిగ్గా ఎదురుగా బ్లాడర్ మీద చిన్న బరువు అతికిస్తారు. వాల్వ్ పైముఖం బంతి తోలుకు సమంగా లేదా వెంట్రుకవాసి కిందికి ఉండాలి, పైకి తేలితే వాలీబాల్ ఆడేవాళ్ల చేతులకు తగులుతుంది.

ఏడో పని: పరీక్ష

ఫిఫా అత్యున్నత ప్రమాణం ప్రకారం 72 గంటల్లో బంతి ప్రెషర్ 20 శాతానికి మించి తగ్గకూడదు. దీన్నే మన లక్ష్యంగా పెట్టుకుందాం. 0.8 బార్ నింపిన ఫుట్‌బాల్‌లో 20 శాతమంటే సుమారు 850 మిల్లీలీటర్ల గాలి. నీళ్లలో ముంచినప్పుడు 3 మి.మీ. బుడగ నాలుగు సెకన్లకు ఒకటి వస్తుంటే ఆ కోటా మొత్తం వాల్వే తినేస్తున్నట్టు లెక్క. నిమిషానికి ఒక బుడగ వస్తే కోటాలో ఏడెనిమిది శాతం. మొదటి ప్రయత్నానికి అది మంచి ఫలితమే.

గేజ్‌తో కొలిచేటప్పుడు ఎండను పట్టించుకోకపోతే మోసపోతారు. 5 డిగ్రీలు తేడా వస్తే చాలు, ఒక్క బొట్టు గాలి పోకుండానే 0.03 బార్ అటో ఇటో చూపిస్తుంది. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర 0.8 బార్ నింపిన బంతిని మే నెలలో కారు డిక్కీలో వదిలేసి, లోపల 60 డిగ్రీలు చేరితే ప్రెషర్ 1 బార్ అవుతుంది. పైగా గేజ్ పెట్టిన ప్రతిసారీ కాస్త గాలి పోతుంది.

అందుకని నేను తూకాన్ని ఎక్కువగా నమ్ముతాను. 0.16 బార్ తగ్గితే బంతి బరువు సుమారు 1 గ్రాము తగ్గుతుంది. 500 గ్రాముల దాకా తూచి 0.01 గ్రాము చూపించే చిన్న త్రాసు మీద ఇది స్పష్టంగా తెలుస్తుంది. సూది దూర్చక్కర్లేదు, ఎండతో పేచీ లేదు. వానాకాలంలో పైతోలు తేమ పీలుస్తుంది కాబట్టి, పక్కనే మంచి వాల్వ్ ఉన్న అదే రకం బంతిని కూడా తూచి, రెండింటి తేడా చూడండి.

తర్వాత అదే వాల్వ్‌లో కనీసం 200 సార్లు సూది దూర్చి తీసి మళ్లీ బుడగలు లెక్కపెట్టండి. సగంసార్లు గ్లిజరిన్ రాసి, మిగతా సగంసార్లు పొడిగా చేయండి. జనం పొడిగానే గుచ్చుతారు. మెషిన్ ఆయిల్, వాజలైన్ లాంటివి వద్దు, అవి రబ్బరును ఉబ్బిస్తాయి. గ్లిజరిన్ లేదా సిలికాన్ ఆయిల్ వాడండి. చివరగా మట్టి గ్రౌండ్‌లో రోజూ ఆడే పిల్లలకు బంతి ఇచ్చి నెల తర్వాత ప్లగ్ ఊడదీసి చూడండి. సూదితోపాటు లోపలికి వెళ్లిన ఇసుక రేణువు పెదాల మధ్య ఇరుక్కుని కనిపిస్తే, పై గరాటు అడుగున దుమ్మును ఆపే చిన్న పొర ఒకటి డిజైన్‌లో చేర్చాలి.

మీ డిజైన్‌లో నిజంగా కొత్త విషయం ఉందనిపిస్తే, వీడియో తీసి అందరికీ చూపించకముందే పేటెంట్‌కు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. ముందే బయటపెడితే కొత్తదనం పోయిందంటారు. తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. ప్రొవిజనల్ వేసిన నాటి నుంచి పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది. ఎండాకాలం, వానాకాలం రెండింట్లోనూ బంతిని పరీక్షించి, కొలతలు సరిదిద్దుకోవడానికి ఆ వ్యవధి సరిపోతుంది.