బాల్డర్స్ గేట్ 3: స్వలింగ ప్రేమకథ మధ్యలో ఆగిపోతే ముందు రాత్రులు లెక్కపెట్టండి

తిరుపతి బాలాజీ కాలనీలో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. విశ్వవిద్యాలయం పక్కనే ఉండటంతో హాస్టల్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకొని వస్తూనే ఉంటారు. ఫ్యాన్ శబ్దం, ఛార్జర్ పిన్ను వంటివి చూపించడం అయ్యాక, కొందరు గొంతు తగ్గించి బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ గేమ్ గురించి అసలు సంగతి అడుగుతారు. "అన్నా, మగ పాత్రతో ఆడుతున్నాను. గేల్‌తో కథ ముందుకు పోవడం లేదు." "షాడోహార్ట్ నాతో మామూలుగానే మాట్లాడుతోంది. అమ్మాయి పాత్ర తీసుకున్నందుకేనా అన్నా?" ఇలాంటి ప్రశ్నలు ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. దాదాపు ప్రతిసారీ కారణం ఒక్కటే, ఎవరూ చూడనిదీ అదే.

మొదట ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ గేమ్‌లో ప్రేమకథలకు లింగంతో సంబంధం లేదు. ఆస్టేరియన్, గేల్, విల్, కార్లాక్, షాడోహార్ట్, లేజెల్ అనే సహచరులలో ఎవరినైనా స్త్రీ పాత్రతోనూ పురుష పాత్రతోనూ ప్రేమించవచ్చు. పాత్రను తయారుచేసేటప్పుడు శరీరాన్ని, గొంతును, లింగ గుర్తింపును విడివిడిగా ఎంచుకుంటాం. వాటిలో ఏదీ ఈ తలుపు మూయదు. పాత గేమ్‌ల అలవాటు వల్ల ఈ అనుమానం వస్తుందని నాకు తెలుసు. 2009లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో ఆలిస్టర్ ఆడ పాత్రనే, మోరిగన్ మగ పాత్రనే ప్రేమిస్తారు. జెవ్రాన్, లెలియానా మాత్రమే ఇద్దరికీ అందుతారు. 2014 నాటి ఇంక్విజిషన్‌లో డోరియన్ మగవాళ్లకు, సెరా ఆడవాళ్లకు మాత్రమే. ఆ లెక్కలను ఇక్కడికి తేవద్దు. అందువల్ల కథ ఆగితే "మా ప్రేమ కాబట్టే ఆపారు" అన్న బాధను పక్కన పెట్టి, గేమ్‌లో ఏది తప్పిందో వెతకండి. ఆ బాధ చిన్నది కాదు. బయట ఎన్నో చోట్ల తలుపు మూసుకుపోవడం చూసిన పిల్లలకు, ఆటలో కూడా మూసుకుందేమో అనిపించడం సహజం. అందుకే ఈ సమస్యను తేలిగ్గా తీసుకోను.

లక్షణం: సహచరుడు స్నేహంగా ఉన్నాడు, ప్రేమ మాట మాత్రం ఎత్తడు

ముందు మాట్లాడుతున్నది ఎవరో చూడండి. శిబిరంలో మీరు కార్లాక్‌ను నడిపిస్తూ ఆస్టేరియన్ దగ్గరకు వెళ్లి మాట్లాడితే అది మీ పాత్ర ఖాతాలో పడదు. మీరు సృష్టించిన పాత్రతోనే వెళ్లి మాట్లాడాలి. పది మందిలో ఇద్దరికి సమస్య ఇక్కడే తీరిపోతుంది.

తరువాత ఆమోదం చూడండి. సహచరుడి పాత్ర వివరాల పేజీలో మీ మీద అతనికి ఉన్న అభిప్రాయం ఒక పట్టీలా కనిపిస్తుంది. అది మధ్యస్థం దగ్గరే ఉంటే ప్రేమ మాట రాకపోవడం సహజం. ఇక్కడ చాలామందిని పాత వీడియోలు తప్పుదారి పట్టిస్తాయి. 2023 ఆగస్టు 3న గేమ్ విడుదలైన కొత్తలో సహచరులు రెండు మంచి మాటలకే మీద పడేవారు. ఆమోదానికి పెట్టిన హద్దులు పొరపాటున మరీ తక్కువగా ఉండిపోయాయని, అది దోషమేనని గేమ్ తయారుచేసిన లారియన్ సంస్థ అధిపతి స్వెన్ వింకే తరువాత చెప్పారు. దాన్ని సరిచేశారు. తొలి వారాల్లో తీసిన వీడియో చూసి "వాళ్లకు మూడో రాత్రే వచ్చింది, నాకు రాలేదు" అని కుమిలిపోవద్దు.

నగ్నత్వాన్ని దాచే సెట్టింగులు పెట్టుకున్నాను, అందుకేనా అని హాస్టల్ పిల్లలు తప్పకుండా అడుగుతారు. కాదు. పక్క మంచం మీద మరొకరు ఉన్న గదిలో ఆ సెట్టింగులు పెట్టుకోవడమే మంచిది. దృశ్యం వస్తుంది, పాత్రల ఒంటిమీద బట్ట ఉంటుంది, కథ మారదు.

లక్షణం: ఆమోదం బాగా ఉంది, అయినా దృశ్యం రావడం లేదు

అసలు దొంగ ఇక్కడ ఉన్నాడు.

ప్రేమకథలోని ముఖ్యమైన ఘట్టాలు శిబిరంలో, లాంగ్ రెస్ట్ (రాత్రంతా పడుకొనే విశ్రాంతి) తీసుకున్నప్పుడు జరుగుతాయి. ఒక రాత్రికి సాధారణంగా ఒక పెద్ద దృశ్యమే వస్తుంది. మిగిలినవి వరుసలో నిలబడి తమ వంతు కోసం ఎదురుచూస్తాయి. ఆ వరుసలో ప్రేమ ముందు ఉండదు. మొదటి అంకంలోనే ఎన్ని ఉన్నాయో చూడండి. కలలో వచ్చే రక్షకుడి రాత్రి ఉంది. ఆస్టేరియన్ మెడ కొరకడానికి వచ్చే రాత్రి ఉంది. షాడోహార్ట్, లేజెల్ కత్తులు దూసుకునే రాత్రి ఉంది. కార్లాక్ మీ బృందంలో చేరితే విల్‌తో ఒప్పందం ఉన్న దెయ్యం మిజోరా అతని కోసం దిగివచ్చే రాత్రి ఉంది. మీరు ఎదురుచూస్తున్న దృశ్యం వీటన్నిటి వెనక ఎక్కడో ఉంటుంది. మీరు పడుకోకపోతే వరుస కదలదు. కదలకుండానే మీరు తరువాతి ప్రాంతానికి వెళ్లిపోతే, వరుసలో మిగిలినవాటిలో చాలావరకు రద్దవుతాయి. ఏ దృశ్యాలు పోతున్నాయో గేమ్ చెప్పదు. వాటిని పోగొట్టుకున్నామని ఆడేవారికి తెలియను కూడా తెలియదు.

నేను దీని చేతిలో బాగా దెబ్బతిన్నాను. చంద్రగిరి నుంచి వచ్చే ఒక కుర్రాడు గేల్‌ను ప్రేమించే మగ మాంత్రికుడిగా ఆడుతున్నాడు. ఆమోదం నిండుగా ఉంది, మాటలన్నీ సరిగా ఎంచుకున్నాడు, దృశ్యం మాత్రం లేదు. నేను సేవ్ తెరిచి చూడకుండానే ఫైళ్లు పాడై ఉంటాయని చెప్పి గేమ్ మొత్తం తీసేయించాను. ఈ గేమ్‌కు 150 జీబీ జాగా కావాలి. రెండు రాత్రులు హాస్టల్ నెట్‌తో దించుకొని మళ్లీ వచ్చాడు. పరిస్థితిలో మార్పు లేదు. "మనలాంటి వాళ్ల కథ సగమే రాసి వదిలేశారేమో అన్నా, పోనీలే" అన్నాడు. ఆ "పోనీలే" విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు షాపు మూశాక అతన్ని పక్కన కూర్చోబెట్టుకొని సేవ్‌లన్నీ ఒక్కొక్కటిగా తెరిచాను. పర్వత మార్గం ముందు నిలబడి ఉన్నాడు, మొదటి అంకం దాదాపు అయిపోయింది. అంతవరకూ అతను పడుకున్నది ఐదు రాత్రులు! సంచి తీసి చూస్తే రొట్టెలు, ఉల్లిపాయలు, చేపలు, జున్ను గుట్టలుగా ఉన్నాయి. సాధారణ స్థాయిలో ఒక లాంగ్ రెస్ట్‌కు 40 పాయింట్ల ఆహారం ఖర్చవుతుంది, టాక్టీషియన్ అనే కష్టమైన స్థాయిలో 80. పొదుపుగా పెరిగిన పిల్లవాడు కదా, ఎందుకు ఖర్చుపెట్టాలని దాచిపెట్టాడు. పైగా బాగా ఆడతాడు. యుద్ధాల్లో దెబ్బలు తక్కువ, మంత్రాలు ఆచితూచి వాడతాడు, రోజుకు దొరికే రెండు షార్ట్ రెస్టులతో నెట్టుకొచ్చేశాడు. బాగా ఆడేవాళ్లే ఎక్కువగా నష్టపోయేది ఇందుకే. మంత్రాలు అయిపోయి గాయాలతో తిరిగేవాడు తప్పనిసరై పడుకుంటాడు, వాడికి దృశ్యాలన్నీ వరుసగా వస్తాయి.

పర్వత మార్గానికి ముందున్న సేవ్ నుంచి మొదలుపెట్టి వరుసగా పడుకోబెట్టాం. మొదటి రాత్రి కలలో రక్షకుడు వచ్చాడు. రెండో రాత్రి ఆస్టేరియన్. మూడో రాత్రి ఏమీ లేదు, కుర్రాడి ముఖం వాడిపోయింది. నాలుగో సాయంత్రం శిబిరం తెరుచుకోగానే గేల్ తల మీద ఆశ్చర్యార్థకం గుర్తు ఉంది. అందరికీ దూరంగా నిలబడి, మంత్రంతో గాలిలో ఒక స్త్రీ ముఖాన్ని తేల్చి చూస్తున్నాడు. దగ్గరకు వెళ్తే ఆ ముఖం చెరిగిపోయింది. మంత్రశక్తిని ఎలా పలకరించాలో నేర్పుతానన్నాడు. చేతి కదలిక నేర్పాడు, మాట నేర్పాడు. చివరన మనసులో ఏమి ఊహించుకోవాలో ఎంచుకొమ్మని అడిగినప్పుడు, ఆ కుర్రాడు మౌస్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు కదలలేదు. తరువాత చేతిలో చెయ్యి వేసుకొని నడుస్తున్నట్టు ఊహించుకునే మాటను నొక్కాడు. గేల్ తడబడి, నవ్వాడు. ఆ కథ సగంలో ఆగలేదు. అది నాలుగు రాత్రుల వెనక నిలబడి ఉంది, అంతే.

పరిష్కారం ఇది. ప్రతి పెద్ద యుద్ధం తరువాత, ప్రతి ముఖ్యమైన సంభాషణ తరువాత శిబిరానికి వెళ్లండి. మంచం మీద నొక్కే ముందు శిబిరమంతా తిరగండి. తల మీద ఆశ్చర్యార్థకం గుర్తు ఉన్న ప్రతి ఒక్కరితోనూ మాట్లాడండి, ఆ తరువాతే పడుకోండి. ఏమీ జరగకపోతే మళ్లీ పడుకోండి. వరుసగా రెండు రాత్రులు ఖాళీగా గడిస్తే అప్పటికి వరుస తీరినట్టే. ఆహారం తక్కువగా ఉంటే ఖర్చుపెట్టకుండానే పాక్షికంగా విశ్రాంతి తీసుకోవచ్చు. ఒంట్లో బలం పూర్తిగా తిరిగి రాదు కానీ రాత్రి గడుస్తుంది, దృశ్యాలు వస్తాయి.

"మెదడులో పురుగు ఉంది, త్వరపడాలి అంటున్నారు కదా, ఎక్కువ రాత్రులు పడుకుంటే చచ్చిపోమా?" అని చాలామంది భయపడతారు. కథలో అలా చెబుతారు, నిజమే. గేమ్ మాత్రం ఆ పురుగు పేరు మీద రోజులు లెక్కపెట్టదు. రోజులతో ముడిపడిన ఘటనలు కొన్నే. వాకీన్స్ రెస్ట్ దగ్గర మంటల్లో ఉన్న ఇంటిని చూశాక పడుకోవద్దు. గ్రిమ్‌ఫోర్జ్‌లో రాళ్ల కింద చిక్కిన నీర్ సంగతి మొదలయ్యాక ఆలస్యం చేయవద్దు. అలాంటిది ఎదురైతే ముందు దాన్ని పూర్తిచేసి తరువాత పడుకోండి.

విందు రాత్రి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గాబ్లిన్ నాయకులు ముగ్గురినీ చంపి, శరణార్థులు తలదాచుకున్న వనంలో వాళ్ల నాయకుడు జెవ్లార్‌కు కబురు చెప్పాక వచ్చే రాత్రి శిబిరంలో పండుగ జరుగుతుంది. చాలామంది ప్రేమకథలు మొదలయ్యేది ఆ రాత్రే. పండుగలో అందరితో మాట్లాడకుండా నేరుగా మంచం ఎక్కితే చేజారిపోతుంది. మీకు నచ్చినవారితో మాట్లాడి, రాత్రి కలుద్దామని ఒప్పుకున్నాకే పడుకోండి. వనాన్ని వదిలేసి మరో దారిన వెళ్లిపోతే ఈ పండుగే ఉండదు.

లక్షణం: ప్రేమ మొదలైంది, రెండో అంకంలో చల్లబడింది

ఆస్టేరియన్ అయితే మూన్‌రైజ్ టవర్స్‌లో అరాజ్ అనే రక్తవ్యాపారిని కలిశారా? అతను వెంట ఉండగా ఆమెతో మాట్లాడాలి. తనను కొరకమని ఆమె అడుగుతుంది, అతనికి అది ఇష్టం ఉండదు. ఏదో లాభం వస్తుందని అతన్ని బలవంతపెడితే కథ చెడిపోతుంది. అతని మాటను గౌరవిస్తే ఆ తరువాత శిబిరంలో మనసు విప్పుతాడు. చాలామంది అతన్ని శిబిరంలో వదిలి మూన్‌రైజ్‌కు వెళ్తారు, ఆ సంభాషణే జరగదు, తరువాత నా దగ్గరకు వచ్చి దోషమంటారు.

కార్లాక్‌ను ముట్టుకోలేకపోవడం దోషం కాదు, అది ఆమె కథ. ఆమె గుండె స్థానంలో ఉన్న యంత్రం మండుతూ ఉంటుంది. ఇన్ఫర్నల్ ఇనుము తీసుకెళ్లి వనంలో కమ్మరి డామన్‌తో ఒకసారి, రెండో అంకంలో లాస్ట్ లైట్ ఇన్‌లో మరోసారి బాగుచేయించాలి. లాస్ట్ లైట్‌ను కాపాడుతున్న ఇసొబెల్‌ను శత్రువులు ఎత్తుకుపోనిస్తే అక్కడివాళ్లతో పాటు డామన్ కూడా పోతాడు, ఇక ఆ దారి మూసుకున్నట్టే. అందుకని ఆ యుద్ధానికి ముందే డామన్ పని ముగించండి.

షాడోహార్ట్ విషయంలో నైట్‌సాంగ్ అనే బందీ దగ్గర మీరు తీసుకునే నిర్ణయం మూడో అంకమంతటినీ మలుస్తుంది. అక్కడ ఒక సేవ్ విడిగా ఉంచుకోండి.

ఇద్దరితో సరసమాడితే ఎవరో ఒకరు తేల్చుకోమంటారు. గేల్ మంత్రపాఠంలో సరదాకు ముద్దు ఊహించుకున్నా అది గుర్తుండిపోతుంది. ఇంకెవరైనా "అతని సంగతి ఏమిటి?" అని అడిగితే ఆశ్చర్యపోవద్దు, నిజాయితీగా జవాబు చెప్పండి.

మిగిలినవి, అరుదైనవి

మాడ్‌లు (ఆడేవాళ్లే తయారుచేసి గేమ్‌కు జోడించే మార్పులు): 2024 సెప్టెంబరులో వచ్చిన 7వ ప్యాచ్‌తో గేమ్‌లోనే మాడ్ మేనేజర్ వచ్చింది. పాత ప్యాచ్‌కు రాసిన ప్రేమకథల మాడ్ ఉంటే తీసేసి, దాన్ని పెట్టకముందు చేసిన సేవ్ నుంచి ఆడండి. మధ్యలో తీస్తే ఆ సేవ్ తిక్కగా ప్రవర్తించవచ్చు. ఇద్దరు కలిసి ఆడుతుంటే ఆమోదం ఒక్కో పాత్రకు విడిగా ఉంటుంది, కాబట్టి ప్రేమించేవారే మాట్లాడాలి. స్టీమ్‌లో గేమ్ ఫైళ్ల తనిఖీ ఐదు నిమిషాల పని, చేయండి, దానివల్ల ఇలాంటి సమస్య తీరడం మాత్రం చాలా తక్కువసార్లే చూశాను. గేమ్ తీసేసి మళ్లీ పెట్టడం మాత్రం దయచేసి వద్దు.

నా దగ్గరకు వచ్చేవాళ్లు మూడు సేవ్‌లు తీసుకురండి: అంకం మొదట్లోది, విందు రాత్రి ముందుది, ఇప్పటిది. ఆనర్ మోడ్‌లో ఒకే సేవ్ ఉంటుంది, వెనక్కి పోయే వీలు లేదు, అందుకని ఆ స్థాయిలో ఆడేవాళ్లు పర్వత మార్గం ఎక్కే ముందే వచ్చి అడగండి. సాయంత్రం ఏడు దాటాక షాపులో రద్దీ ఉండదు, తలుపు దగ్గరగా వేసుకొని నిదానంగా చూద్దాం.