హెడ్ మార్చాక కంప్రెషన్ తగ్గిందా? మళ్లీ విప్పకముందు ఇలా చూడండి

సిలిండర్ల మీద మూతలా కూర్చునే, వాల్వులుండే భాగమే హెడ్. కొత్త హెడ్ బిగించాక కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ నొక్కిన గాలి ఒత్తిడి) గేజ్‌లో అంకె తక్కువ వస్తే చాలామంది కంగారుపడి హెడ్ మళ్లీ దింపేస్తారు. దింపాక చూడటానికి ఏమీ మిగలదు. గాలి ఎక్కడినుంచి పోతోందో ఇంజిన్ బిగించి ఉన్నప్పుడే తెలుస్తుంది. హెడ్ కింద వేసే గాస్కెట్ డబ్బులు మాత్రం దండగ.

కావలసినవి: కంప్రెషన్ గేజ్, లీక్‌డౌన్ టెస్టర్ (సిలిండర్లోకి గాలి పంపి ఎంత శాతం పోతోందో చూపేది), గాలి కంప్రెసర్, ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకులు), టార్క్ రెంచ్ (ఎంత బిగువో కొలిచి బిగించే పానా), ఆ ఇంజిన్ మాన్యువల్. గేజ్ మర తిప్పి బిగించేదే కొనండి. చేత్తో అదిమి పట్టుకునే రబ్బరు మూతి రకాన్ని నేను గేజ్ అనను.

1. అంకెలు రాసుకోండి

బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉండాలి. ఇంజిన్ నడిచేదైతే వేడి చేసి, ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్, ఇంధనం రెండూ ఆపేయండి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకోండి. ఇది మరిచిపోయి అన్ని సిలిండర్లూ పోయాయని గోల పెట్టేవాళ్లే ఎక్కువ. ఒక్కో సిలిండర్‌కి ఐదారు కంప్రెషన్ దెబ్బలు పడేదాకా సెల్ఫ్ కొట్టండి. పెట్రోల్ ఇంజిన్లలో సాధారణంగా 120 నుంచి 180 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వస్తుంది. మీ ఇంజిన్‌కి మాత్రం మాన్యువల్ చెప్పిందే లెక్క. అన్నిటికన్నా తక్కువది, అన్నిటికన్నా ఎక్కువదానిలో 75 శాతానికి తగ్గకూడదు.

2. వరస చూడండి

అన్నీ సమానంగా తక్కువైతే టైమింగ్ బెల్టో చైనో ఒక పన్ను తప్పి ఉండవచ్చు. లేదా కొత్త హెడ్‌లో చాంబర్ (గాలి నొక్కుకునే గుంట) పెద్దది, గాస్కెట్ మందం ఎక్కువ. పక్కపక్క సిలిండర్లు రెండు తక్కువైతే మధ్యలో గాస్కెట్‌ని అనుమానించండి. ఒక్కటే తక్కువైతే ముందు వాల్వ్‌ని చూడాలి. సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి కొలిచే పద్ధతి అందరికీ ఇష్టం. అంకె పెరిగితే రింగులు అరిగాయని అర్థం. కానీ రింగులు కింద పిస్టన్ మీద ఉంటాయి, మీరు ముట్టుకున్నది పైభాగాన్ని. నేనైతే నేరుగా లీక్‌డౌన్‌కే వెళ్తాను.

3. లీక్‌డౌన్: అందరూ చెడగొట్టేది ఇక్కడే

పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ చివర, సరిగ్గా పైన ఉండాలి. పిస్టన్ పైకి వచ్చేది ఒక్కసారి కాదు. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివరా వస్తుంది. అప్పుడు రెండు వాల్వులూ కాస్త తెరిచే ఉంటాయి. అక్కడ గాలి పెడితే రెండు వైపులా బుస్సుమంటుంది, బాగున్న వాల్వులు కాలిపోయాయని తీర్మానిస్తారు. పుల్లీ మీద గుర్తొక్కటే నమ్మకండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో అదే గుర్తు ఒకటికీ నాలుగుకీ వర్తిస్తుంది. ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, ఇంజిన్ తిరిగే దిశలోనే పానాతో క్రాంక్ తిప్పండి. గాలి వేలిని పైకి తోస్తే అదే కంప్రెషన్ స్ట్రోక్. గుర్తు కలిసిన చోట ఆపి, ఆ సిలిండర్ రెండు వాల్వులూ మూసుకున్నాయో లేదో క్యామ్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) వైపు చూసి మరీ రూఢి చేసుకోండి.

గాలి తెరిచే ముందు క్రాంక్ మీది పానా తీసేయండి. ఈ మాట వినకపోతే చేతులు విరుగుతాయి. 80 మి.మీ. బోర్ ఉన్న పిస్టన్ మీద 100 పీఎస్‌ఐ గాలి వేసే బరువు దాదాపు 350 కిలోలు. పిస్టన్ కొద్దిగా పక్కకున్నా క్రాంక్ ఒక్కసారిగా తిరుగుతుంది, దాంతో పానా గిర్రున తిరిగి కొడుతుంది. చేతులు, బట్టలు బెల్టులకు దూరంగా ఉంచి, ప్రెషర్ కొంచెం కొంచెం పెంచండి. క్రాంక్ కదిలితే గాలి ఆపి, మళ్లీ సెట్ చేయండి.

ఇప్పుడు చెవి పెట్టండి. థ్రాటిల్ దగ్గర బుస్ అంటే ఇన్‌టేక్ వాల్వ్. సైలెన్సర్‌లో అంటే ఎగ్జాస్ట్ వాల్వ్. ఆయిల్ పోసే మూతి దగ్గర అంటే రింగులు. పక్క ప్లగ్ రంధ్రంలో గాలి వస్తే మధ్య గాస్కెట్. రేడియేటర్‌లో బుడగలు వస్తే గాస్కెట్ లేదా హెడ్ పగులు. రేడియేటర్ మూత ఇంజిన్ చల్లారాకే తీయాలి. రింగుల దగ్గర కాస్త గాలి పోవడం మామూలే. టెస్టర్లో లీకు 20 శాతం దాటితే వదలకండి.

4. వాల్వ్ లీక్ అయినా హెడ్ దింపకండి

ఆ సిలిండర్ రాకర్లు (వాల్వుల్ని నొక్కే మీటలు) వదులు చేసి మళ్లీ వినండి. బుస్ ఆగిందా? వాల్వ్ బాగుంది, ట్యాపెట్ సెట్టింగే (రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య ఉంచే గ్యాప్) తప్పు. వాల్వ్ కూర్చునే సీటు కట్ చేస్తే వాల్వ్ కాడ పైకి లేచి గ్యాప్ పోతుంది. పుష్‌రాడ్ ఇంజిన్‌లో హెడ్ ఫేసింగ్ (అడుగు భాగం చదునుగా కోయడం) చేయించినా అంతే, రాడ్ వాల్వ్‌ని నొక్కే పట్టి ఉంచుతుంది. మాన్యువల్ చెప్పిన గ్యాప్ ఫీలర్ గేజ్‌తో పెడితే పని అయిపోయినట్టే.

వదులు చేసినా ఆగకపోతే అప్పుడు హెడ్ దింపండి. వాల్వ్ వంగి ఉండవచ్చు. క్యామ్ బిగించిన హెడ్‌ని బల్ల మీద బోర్లా పెడితే తెరిచి ఉన్న వాల్వుల మీదే బరువు పడి వంగుతాయి.

గాస్కెట్‌దే తప్పయితే బ్లాక్‌లో బోల్టు రంధ్రాలు చూడండి. అడుగున ఆయిలో కూలెంటో నిలిస్తే టార్క్ రెంచ్ టిక్కుమంటుంది కానీ హెడ్ బిగుసుకోదు. రంధ్రాల్లో గాలి కొట్టి, ఆరబెట్టి, సాగే రకం బోల్టులైతే కొత్తవి వేసి, మాన్యువల్ వరసలోనే బిగించండి.