ఖాతా తొలగించినా లాగుల్లో ఫోను నంబరు: తప్పు కోడులో కాదు, రిక్వైర్‌మెంటులో

సమస్య: వాడుకరి తన ఖాతాను తొలగించుకున్నాడు, డేటాబేసులో అతని వివరాలేవీ మిగల్లేదు, టెస్టులన్నీ పాసయ్యాయి. అయినా ఆడిటర్లు సర్వర్ లాగులు (సర్వర్‌లో జరిగిన ప్రతి పనీ నమోదయ్యే చిట్టాలు) తెరిస్తే అతని ఫోను నంబరు కనిపిస్తూనే ఉంటుంది. కంగారుపడి లాగులను మొత్తంగా చెరిపేస్తే, మరో నిబంధనను ఉల్లంఘించినట్టవుతుంది.

కారణం: 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 8(7) సెక్షన్, వాడుకరి సమ్మతిని వెనక్కి తీసుకుంటే డేటాను చెరిపేయాలని చెబుతూనే, అమల్లో ఉన్న మరేదైనా చట్టం కోసం దాన్ని ఉంచాల్సి వస్తే తప్ప అని మినహాయింపు పెట్టింది. సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో రాసుకునే రిక్వైర్‌మెంట్ల పత్రంలోకి మాత్రం సాధారణంగా "డేటా చెరిపేయాలి" అన్న ముక్కే ఎక్కుతుంది. ఆ "తప్ప"ను వదిలేసినవారికి, లాగులను 180 రోజులు భారతదేశ పరిధిలోనే భద్రపరచాలన్న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు గుర్తుకురావు.

పరిష్కారం: ఒక్కో నిబంధననూ ఎవరు, ఏమి, ఎప్పటిలోగా, ఏ మినహాయింపుతో అన్న నాలుగు భాగాలుగా విడదీసి, ప్రతి భాగాన్నీ విడి రిక్వైర్‌మెంటుగా రాసి, దాని పక్కన సెక్షన్ సంఖ్య వేయండి. మినహాయింపు మరో చట్టాన్ని ప్రస్తావిస్తే, ఆ చట్టాన్ని కూడా చదవక తప్పదు. లాగుల్లో ఫోను నంబరు బదులు అంతర్గత గుర్తింపు సంఖ్యను రాసి, ఆ రెంటినీ కలిపే పట్టికను ఖాతాతోపాటు తొలగిస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. అయితే ఆ పట్టికనే ఉంచాల్సిన చట్టబద్ధమైన అవసరం ఉందేమో ముందుగా న్యాయవిభాగాన్ని అడగండి. 180 అన్న అంకెను కోడులో నేరుగా రాయకండి. డేటా పరిరక్షణ చట్టం కింద 2025 నవంబరులో వెలువడిన నిబంధనలు, అనధికార ప్రవేశాన్ని కనిపెట్టడానికి పనికొచ్చే లాగులను ఏడాదిపాటు ఉంచమంటున్నాయి. గడువును సెక్షన్ సంఖ్యతో సహా కాన్ఫిగరేషన్‌లో (కోడుకు బయట ఉండే అమరికల ఫైలులో) ఉంచినవారు ఒక్క వరుస మారుస్తారు, మిగతావారు కోడంతా వెతుక్కుంటారు.

సమస్య: సమ్మతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత సులభంగా ఉండాలన్న డేటా పరిరక్షణ చట్టం 6(4) సెక్షన్‌కు టెస్టు రాయలేకపోతున్నారు.

కారణం, పరిష్కారం: "సులభం" అన్నది కొలవగలిగే మాట కాదు. సమ్మతి ఇవ్వడానికి రెండు నొక్కులు పడితే వెనక్కి తీసుకోవడానికీ రెండుకు మించకూడదని రాసుకోండి. అది చట్టం చెప్పిన అంకె కాదు, మన వ్యాఖ్యానం. కాబట్టి ఆ సంగతి పత్రంలోనే స్పష్టం చేసి, న్యాయవిభాగం సంతకం తీసుకోండి.

సమస్య: భద్రతా ఘటనను ఆరు గంటల్లోగానే సెర్ట్-ఇన్‌కు తెలిపామని సిస్టమ్ చూపుతున్నా, నిజానికి గడువు దాటిపోయింది.

కారణం, పరిష్కారం: గడియారాన్ని టికెట్ (ఘటనను సిస్టమ్‌లో నమోదు చేసే పత్రం) తెరిచిన క్షణం నుంచి నడిపారు. సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ఘటనను గమనించినప్పటి నుంచి, లేదా ఎవరైనా దృష్టికి తెచ్చినప్పటి నుంచి లెక్క మొదలవుతుంది. బయటివారు పంపిన మెయిల్ అందిన సమయాన్ని కూడా నమోదు చేసే గడిని టికెట్‌లో తప్పనిసరి చేయండి.