లేయర్ దాణా లెక్క ఎక్సెల్‌లో: సాల్వర్ పనేది, మీ పనేది

మొక్కజొన్నలో ప్రొటీన్ 9 శాతం, సోయా చెక్కలో 45. లేయర్లకు, అంటే గుడ్లు పెట్టే కోళ్లకు, 100 కిలోల దాణాలో 18 శాతం కావాలంటే 75 కిలోలు, 25 కిలోలు అని కాగితం మీదే తేలిపోతుంది. పెంకు గట్టిపడటానికి అందులో 9 కిలోలు తీసి గ్రిట్ (కాల్షియం ఇచ్చే గవ్వ లేదా సున్నపురాయి ముక్కలు) వేయండి, ప్రొటీన్ 16.4కు దిగుతుంది. చెక్క పెంచితే శక్తి తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. చేతిలెక్క ఇక్కడే ఆగిపోతుంది. ఇలాంటి లెక్కే 1945లో ఆర్థికవేత్త స్టిగ్లర్ వేశాడు: 77 ఆహార పదార్థాలు, 9 పోషకాలతో మనిషికి అతి చౌక భోజనాన్ని ఏడాదికి 39.93 డాలర్లుగా అంచనా కట్టాడు. 1947లో గణితవేత్త డాంట్జిగ్ రూపొందించిన సింప్లెక్స్ పద్ధతితో తొమ్మిదిమంది గుమాస్తాలు 120 పనిదినాలు వెచ్చించి 39.69 అని తేల్చారు. షరతులకు లోబడి అతి తక్కువ ఖర్చును వెతికిపెట్టే ఎక్సెల్ సాధనం సాల్వర్‌కు ఇప్పుడది క్షణం పని.

వరుసకొక సరుకు రాయండి: మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు, గ్రిట్, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్). పక్క గడుల్లో కిలోలు (ఖాళీగా ఉంచండి), కిలో ధర, ప్రొటీన్, శక్తి, కాల్షియం. ఉప్పు, విటమిన్ మిశ్రమం ఎంతో ముందే ఖాయం చేయండి. మొత్తం ఖర్చుకు, ఒక్కో పోషకానికి సమ్‌ప్రొడక్ట్ ఫార్ములా (ఒక్కో సరుకు కిలోల్ని దాని అంకెతో గుణించి అన్నీ కూడేది) పెట్టి, సాల్వర్‌లో ఖర్చును కనిష్ఠం చేయమనండి. షరతులు: మొత్తం 100 కిలోలు, ప్రొటీన్ కనీసం 17 శాతం, శక్తి కిలోకు 2,600 కిలోక్యాలరీలు, కాల్షియం 3.6 నుంచి 4 శాతం. పద్ధతి సింప్లెక్స్ ఎల్‌పీ ఎంచుకోండి, నాన్ నెగెటివ్ టిక్ మరవకండి. లేకపోతే మైనస్ కిలోల తవుడు చూపిస్తుంది.

ఎక్కువమంది తప్పేది శక్తి దగ్గర. సమ్‌ప్రొడక్ట్ ఇచ్చేది 100 కిలోల మొత్తం, అంటే షరతు 2,60,000 ఉండాలి. 2,600 అని రాస్తే ఆ షరతు ఉన్నా లేనట్టే.

పరిష్కారం లేదని వస్తే మీ హద్దుల్ని అనుమానించండి. గ్రిట్‌ను 7 కిలోలకు కట్టేస్తే, 38 శాతం లెక్కన వచ్చే కాల్షియం 2.66 కిలోలే. డీసీపీ ఒకటిన్నర కిలో కలిపినా 3.6 అందదు.

మీరు రాయని షరతు యంత్రానికి తెలియదు. మిథియోనిన్ (కోడికి తప్పనిసరి అమైనో ఆమ్లం) షరతు లేకపోతే అది లోపించిన దాణానే చౌకైనదని ఇస్తుంది. తవుడుకు పైహద్దు పెట్టకపోతే, ధర పడిన రోజున పీచు ఎంతున్నా నింపేస్తుంది. తడి 14 శాతం దాటిన, బూజు పట్టిన మొక్కజొన్నను లెక్కలోకే రానివ్వకండి. ఆ నిర్ణయం గోదాములో, బస్తా విప్పి చెయ్యి పెట్టి చూసినప్పుడే జరగాలి.

చివర్లో సెన్సిటివిటీ రిపోర్టు తీయండి. సాల్వర్ వద్దన్న సరుకు కిలోకు ఎంత తగ్గితే కొనవచ్చో అందులో ఉంటుంది. బేరానికి వెళ్లేటప్పుడు ఆ అంకె జేబులో పెట్టుకోండి.